ముప్పై ఏడు, ఒకటి

కొత్తలంక ఆరోగ్య పాఠశాల, గవ్వల పుస్తకం
రాస్తున్నది: పెచ్చెట్టి భానోజీ, సహాయ ఉపాధ్యాయుడు

9వ రోజు

గవ్వలు మొత్తం ముప్పై ఎనిమిది. రెండు మొరాయించాయి. గాట్లలో నల్లదుమ్ము చేరింది. కుంచెతో దులిపి, గాలి కొట్టి, మళ్లీ పనిచేయించాను.

నిజానికి ఈ పుస్తకంలో ఇంతకుమించి రాయక్కర్లేదు. నాకు ముందు ఈ పని చూసినవాళ్లు రోజుకో పంక్తి రాసి సరిపెట్టారు. విశ్వేశ్వరి మేడమ్ పాఠంలో కూర్చుని వచ్చాక ఒక పంక్తితో ఆపడం నా వల్ల కావడం లేదు.

కముజు విశ్వేశ్వరి మేడమ్‌కి అరవై ఒక్క ఏళ్లు. భూమ్మీద ఇరవై నాలుగేళ్లు, చంద్రుడి మీదికి వచ్చాక తొమ్మిదేళ్లు నర్సుగా చేశారు. ఆరేళ్లుగా నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. కొత్తలంకలో ఎవరికి సూది వేస్తున్న చేయి చూసినా అది ఆవిడ నేర్పిన చేయే.

పాఠం మొదలవగానే ఒక్కొక్కరి అరచేతిలో ఒక గవ్వ, అంటే గవ్వ ఆకారంలో చేసిన చిన్న పరికరం, ఉంటుంది. దానికి నాలుగు గాట్లు. మేడమ్ ప్రశ్న వేస్తారు, గోడ మీద నాలుగు జవాబులు కనిపిస్తాయి, నచ్చిన గాటు మీద నొక్కాలి. నొక్కిన ప్రతి జవాబుకీ గోడ మీద ఒక చుక్క పడుతుంది. అనుమానంగా, మెత్తగా నొక్కితే లేత చుక్క, ధీమాగా, గట్టిగా నొక్కితే ముదురు చుక్క. ఎవరి చుక్క ఏదో క్లాసులో ఎవరికీ తెలియదు, మేడమ్‌కి కూడా.

ఇవాళ్టి ప్రశ్న చిన్నదే. రోగికి నోట్లో థర్మామీటరు పెడితే నూట ఒకటి చూపించింది. పక్కనే ఖాళీ టీ గ్లాసు ఉంది, ఇంకా వెచ్చగా. ఏం చేస్తారు?

పదిహేడుమంది జ్వరం మాత్ర ఇస్తామని నొక్కారు. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూస్తామన్నవాళ్లు తొమ్మిదిమందే. నేనైతే అక్కడే కోప్పడేవాణ్ణి. మేడమ్ గోడ వైపు ఆసక్తిగా చూసి అడిగారు:

"మాత్ర ఇస్తామన్నవాళ్లు ఏమనుకుని అలా నొక్కి ఉంటారు? నొక్కనివాళ్లు చెప్పండి."

నేను ఆ మాటకే ముగ్ధుణ్ణయ్యాను. తప్పు చేసినవాణ్ణి లేచి నిలబడమనలేదు. తప్పు చేయనివాణ్ణి ఆ తప్పు లోపలికి వెళ్లి చూసి రమ్మన్నారు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అంకె చూస్తే కంగారొస్తుంది మేడమ్, గ్లాసు ఎవరు చూస్తారు మేడమ్ అని. తర్వాత పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోమన్నారు. మళ్లీ నొక్కితే ముప్పై నాలుగు చుక్కలు ఒకేచోట పడ్డాయి. ఏది సరైనదో ఆవిడ నోటితో అప్పటిదాకా చెప్పలేదు.

11వ రోజు

గవ్వలు ముప్పై ఎనిమిదీ పనిచేస్తున్నాయి.

ఇవాళ్టి ప్రశ్న: ఇక్కడ పుట్టిన ఆరేళ్ల పిల్ల. పొద్దుటి నుంచి నీళ్ల విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. తాగలేకపోతోంది. సెలైన్ ఎలా ఎక్కిస్తారు?

మొదటి జవాబు పుస్తకంలో ఉన్నది. బరువుకు తగ్గ కొలత, మొదటి అరగంటలో ధారగా ఎక్కించాలి. నాలుగో జవాబు: సగం కొలత, చుక్కచుక్కగా, ఊపిరి లెక్కపెట్టుకుంటూ. మేడమ్ అది ఊరికే నాలుగు నింపడానికి వేశారు.

ముప్పై ఏడుమంది ఒకటి నొక్కారు. ఒక్కరు నాలుగు నొక్కారు. ఆ ఒక్క చుక్క గోడ చూపించగలిగినంత ముదురుగా ఉంది.

"నాలుగు నొక్కినవాళ్లు ఏమనుకుని ఉంటారు?" అని మేడమ్ అడిగారు.

"వేలు జారి ఉంటుంది మేడమ్," అన్నాడు వెనక వరుసలో ఒకడు. అందరూ నవ్వారు.

"వేలు జారితే చుక్క అంత నల్లగా పడదురా," అన్నారు మేడమ్. ఆవిడ నవ్వలేదు.

క్లాసు అయ్యాక నడవలో ఆవిణ్ణి ఆపాను. "మేడమ్, మూడు వారాల్లో వీళ్లు వార్డులకు వెళ్తారు. అంత ధీమాగా తప్పు చేసేవాళ్లు ఒకరున్నారంటే నాకు భయంగా ఉంది. ఏ గవ్వ ఎవరికిచ్చామో జాబితా ఉంది, దాని తాళం నా దగ్గరే ఉంది. తెరిస్తే ఎవరో తెలిసిపోతుంది."

"మొదటిరోజు వాళ్లకేం చెప్పాం?"

"ఎవరు నొక్కారో చూడబోమని చెప్పాం."

"మరి? ముప్పై ఏడుమందికి ఏం తెలుసో నాకు తెలుసు నాయనా, నేర్పింది నేనే కదా. ఆ ఒక్కళ్లకి ఏం తెలుసో నాకు తెలీదు. రేపు ఇంకోలా అడుగుదాం, ఉండు."

12వ రోజు

ఒక గవ్వ అడుగున పగులు. అంటించాను.

మేడమ్ ఇవాళ అదే ప్రశ్న వేశారు, రోగిని మాత్రం మార్చారు. భూమి నుంచి వారం కిందట దిగిన నలభై ఏళ్ల మనిషి, అవే విరేచనాలు, అదే నీరసం. ముప్పై ఎనిమిది చుక్కలూ మొదటి జవాబు మీదే పడ్డాయి. వెంటనే రోగిని మళ్లీ మార్చారు. ఇక్కడే పుట్టిన పిల్లవాడు, పదేళ్లవాడు. ముప్పై ఏడు, ఒకటి.

పాఠం అయ్యాక ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. "చూశావా భానోజీ? భూమి మనిషికైతే ఆ ఒక్కళ్లూ మనతోనే ఉన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలకే వేరంటున్నారు. పాఠం రానివాళ్లు అంత విడమరిచి నొక్కుతారా? వాళ్లు ఏదో చూశారు."

రెండే ప్రశ్నలతో, ఎవరి పేరూ అడక్కుండా, ఆవిడ అంతదూరం వెళ్లారు. నేను గోడనే చూస్తూ కూర్చున్నా నాకది తట్టలేదు. ఆసుపత్రి పాత రికార్డులు తిరగేస్తానని వెళ్లిపోయారు. ఇక్కడ పుట్టినవాళ్లలో అందరికంటే పెద్దవాళ్లకే పంతొమ్మిదేళ్లు. రికార్డుల్లో ఏం దొరుకుతుందిలే అనుకున్నాను.

13వ రోజు

ఇది రాయకుండా దాటేయవచ్చు. రాస్తున్నాను.

ఇవాళ జాబితా తెరిచాను. వార్డుకు వెళ్లే రోజు దగ్గరపడుతోందని, ఒక పిల్ల ప్రాణం కంటే మాట ఎక్కువా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నాలుగో జవాబు నొక్కింది తాడి సువార్త. పంతొమ్మిదేళ్లు. కొత్తలంకలో కాదు, దూరాన మంచుగని దగ్గరి శిబిరంలో పుట్టింది. తండ్రి లేడు, తల్లి మంచుగనిలో పని. క్లాసులో అడిగితే తప్ప మాట్లాడదు.

పిలిచి కూర్చోబెట్టి గంటసేపు పుస్తకం చదివించాను. నీళ్లు పోయిన ఒంటికి వెంటనే నీళ్లు ఎందుకు పట్టాలో బొమ్మ గీసి చూపించాను. అన్నిటికీ "అలాగే సార్" అంది. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగింది.

"గవ్వ ఎవరు నొక్కారో ఎవరికీ తెలీదన్నారు కదా సార్?"

"నీ మంచికేనమ్మా," అన్నాను.

"అలాగే సార్," అంది మళ్లీ.

14వ రోజు

అన్ని గవ్వలూ పనిచేస్తున్నాయి.

మేడమ్ ఆరేళ్ల పిల్లకు సెలైన్ ఎలా ఎక్కిస్తారన్న ప్రశ్ననే మళ్లీ వేశారు. ముప్పై ఎనిమిది చుక్కలు మొదటి జవాబు మీద. వాటిలో ఒకటి చాలా లేతగా ఉంది.

క్లాసంతా చప్పట్లు కొట్టింది. మేడమ్ మాత్రం ఏదో పోగొట్టుకున్న మనిషిలా గోడ ముందు నిలబడిపోయారు.

"నిన్నమొన్నటిదాకా ఉన్న ఆ ఒక్కళ్లు ఏమయ్యారు?" అన్నారు.

ఆవిడ నా వైపు చూశారు. నేను వంగి గవ్వల పెట్టె సర్దసాగాను. సువార్త తన అరచేతిలోకి చూసుకుంటోంది.

చెప్పాల్సింది. చెప్పలేదు.

17వ రోజు

మూడో వడపోత గది నుంచి వచ్చిన తాగునీళ్లలో ఏదో కలిసింది. తూర్పు బారు ఇళ్లలో ఐదుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఆ గది మూసేశారు. కాచి చల్లార్చిన నీళ్లు మనిషికి ఇన్ని చెంబులని పంచుతున్నారు. పాఠాలు లేవు.

18వ రోజు

ఉదయానికి పిల్లలు ఇరవై ముగ్గురయ్యారు. అందరూ పదేళ్ల లోపువాళ్లు, అందరూ ఇక్కడ పుట్టినవాళ్లే. పెద్దవాళ్లకు కడుపులో తిప్పడంతో సరిపోయింది. ఆసుపత్రిలో నర్సులు చాలక మా విద్యార్థుల్ని ముప్పై ఎనిమిదిమందినీ పిలిపించారు. నేనూ వెళ్లాను.

మొదట సెలైన్ పెట్టింది ధాత్రికి. ఆరేళ్ల పిల్ల. తల్లి సుభాషిణి మొక్కల గదుల్లో గోంగూర పెంచే మనిషి. పిల్ల కళ్లు పీక్కుపోయి, పిలిస్తే పలికే స్థితిలో లేదు. డాక్టర్ షేక్ నూర్జహాన్‌గారు పుస్తకంలో ఉన్నట్టే కొలత కట్టి ధారగా వదిలారు. ఇరవై నిమిషాల్లో పిల్ల కళ్లు తెరిచింది. "అమ్మా" అంది. సుభాషిణి నా చేయి పట్టుకుని ఏడ్చింది. నాకూ గర్వంగా అనిపించింది. పుస్తకం పుస్తకమే అనుకున్నాను.

అరగంట దాటాక పిల్లకి ఎగశ్వాస మొదలైంది. డొక్కలు ఎగరేస్తోంది. నిమిషానికి యాభై రెండుసార్లు. పెదవులు నీలంగా మారుతున్నాయి. పక్క మంచాల్లో ఇంకో ఇద్దరికి సెలైన్ అప్పుడే మొదలుపెట్టారు.

"ఊపిరితిత్తులకు కూడా సోకినట్టుంది," అన్నారు డాక్టరుగారు. మందు మార్చమని చెప్పి సెలైన్ అలాగే సాగనిచ్చారు.

నాలుగో జవాబు గుర్తొచ్చింది. 'సగం కొలత, చుక్కచుక్కగా, ఊపిరి లెక్కపెట్టుకుంటూ.' ఆ నల్ల చుక్క కళ్లముందే ఉంది. పరుగెత్తి వెళ్లి, మందుల గదిలో ఉన్న మేడమ్‌కి మొత్తం చెప్పేశాను. తాళం తెరిచిన సంగతి, సువార్తను పిలిచిన సంగతి, ఆ పిల్ల మనసు మార్చిన సంగతి.

తిడతారనుకున్నాను. ఆవిడ ఒక్కటే అడిగారు. "సువార్త ఎక్కడుంది?"

సువార్త వంటగదిలో ఉంది. ఎవరూ చెప్పకుండానే ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు కాచి చిన్నచిన్న గిన్నెల్లో పోస్తోంది.

"అమ్మా, నాలుగో జవాబు ఎందుకు నొక్కావు?" అన్నారు మేడమ్.

సువార్త నా వైపు చూసింది.

"ఆయన వైపు కాదు, నా వైపు చూసి చెప్పు. మా పాఠం తప్పయి ఉంటుంది. ధాత్రికి ఆయాసం ఎక్కువవుతోంది."

గిన్నె కింద పెట్టింది. "నాలుగేళ్ల కిందట శిబిరంలో ఇలాగే అయింది మేడమ్. పదకొండుమంది పిల్లలకి. సెలైన్ బుడ్లు రెండే ఉన్నాయి. రేడియోలో చెప్పినట్టు ఇద్దరికి ధారగా వదిలారు. మా తమ్ముడు ఇమ్మానియేలుకీ, ఇంకో పాపకీ. బుడ్డి పట్టుకుంది నేనే. ముందు లేచి కూచున్నాడు. నవ్వాడు. తరవాత ఊపిరి అందలేదు. ఇద్దరూ పోయారు. సెలైన్ అందని తొమ్మిదిమందికీ మా అమ్మావాళ్లు గుక్కగుక్కగా పట్టారు మేడమ్, గుక్క పట్టి, ఆగి, ఊపిరి చూసి మళ్లీ గుక్క. ఆళ్లందరూ బతికారు."

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలి మేడమ్? పుస్తకంలో అలా లేదు. చేయెత్తి చెప్తే నవ్వుతారు. గవ్వ అయితే పేరుండదు కదా అని నొక్కాను."

మేడమ్ కొంగులో దోపుకున్న కాగితం తీశారు. పాత రికార్డు. ఆ ఇద్దరు పిల్లల పేర్ల ఎదురుగా 'చికిత్స ఆలస్యం వల్ల మరణం' అని ఉంది. దాని కిందే వేళలు రాసి ఉన్నాయి. సెలైన్ మొదలుపెట్టిన గంటన్నరకు ఒకరు, రెండు గంటలకు ఒకరు. "రెండ్రోజులుగా ఈ వేళల దగ్గరే ఆగిపోయాను," అన్నారు. "చికిత్స అందాక పోయిన పిల్లల్ని ఆలస్యమని ఎలా రాశారా అని."

ముగ్గురం వార్డుకు పరుగెత్తాం. మేడమ్ కాగితం డాక్టరుగారి చేతిలో పెట్టి, సువార్త మాటలు నాలుగు వాక్యాల్లో చెప్పారు. డాక్టరుగారు చదివారు.

"ఆ రోజు రేడియోలో చెప్పింది నేనే," అన్నారు.

సువార్తకు ఆ సంగతి ముందే తెలుసని అప్పుడు అర్థమైంది. డాక్టరుగారే రాసిన పాఠాన్ని ఆవిడ ఆసుపత్రిలోనే నిలబడి తప్పని సువార్త ఎలా అంటుంది?

డాక్టరుగారు ఒక్క క్షణం కూడా వాదించలేదు. నేరుగా వెళ్లి ధాత్రి సెలైన్ ఆపేశారు. పిల్లను కూర్చోబెట్టి, ఒంట్లో ఎక్కువైన నీళ్లు దిగడానికి మందిచ్చారు. మిగతా ఇద్దరికీ ధార తగ్గించి చుక్కలు చేశారు. "ఇక్కడ పుట్టిన ఒంట్లో రక్తమే తక్కువ. గుండె చిన్నది. భూమి లెక్కన పోస్తే ఎక్కడికి పోతుంది? ఊపిరితిత్తుల్లోకే," అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. తర్వాత సువార్త వైపు తిరిగి, "గుక్కకీ గుక్కకీ మధ్య ఎంతసేపు ఆగేవాళ్లమ్మా?" అని అడిగారు.

"ఇరవై ఊపిర్లు లెక్కపెట్టేవాళ్లం డాక్టరుగారూ."

ఇరవై ముగ్గురు పిల్లల ఊపిరి ఒకేసారి ఎవరు లెక్కపెట్టాలి? డాక్టరు ఒక్కరు. నర్సులు ఆరుగురు. అప్పుడు మేడమ్ నా వైపు తిరిగారు.

"భానోజీ, గవ్వలు తీసుకురా. అన్నీ."

వార్డు మధ్య గోడను క్లాసు గోడలా వెలిగించాం. మంచానికో విద్యార్థి చొప్పున ఇరవై ముగ్గురు కూర్చున్నారు, మిగతావాళ్లు వంతు మార్చడానికి. ఐదు నిమిషాలకోసారి పిల్ల ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టాలి. తగ్గితే ఒకటి, అలాగే ఉంటే రెండు, పెరిగితే మూడు, డాక్టరు వెంటనే రావాలంటే నాలుగు. గోడ మీద ఇరవై ముగ్గురి పేర్లు, ఒక్కో పేరు కింద వరసగా చుక్కలు.

"అనుమానం ఉంటే మెత్తగా నొక్కండి," అన్నారు మేడమ్. "లేత చుక్క పడితే నేనొచ్చి మీతోపాటు లెక్కపెడతాను. తెలీకపోయినా తెలిసినట్టు మాత్రం నొక్కకండి."

ఇన్ని రోజులుగా ఈ పెట్టె మోస్తున్నాను. గవ్వ అంటే ఏమిటో నాకు ఇవాళ తెలిసింది. డాక్టరుగారు వార్డంతా తిరగలేదు. గోడ ముందు నిలబడి, ముదురు మూడు పడిన చోటికి వెళ్లారు. లేత చుక్కల దగ్గరికి మేడమ్ వెళ్లారు. మాటల్లేవు, కేకల్లేవు. ముప్పై ఎనిమిదిమంది పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నారు. మొన్న 'వేలు జారి ఉంటుంది' అన్న కుర్రాడు ఒక పాప ఛాతీ మీంచి చూపు తిప్పకుండా మూడు గంటలు కూర్చున్నాడు, వంతు మార్చుకోమన్నా లేవలేదు.

ధాత్రి దగ్గర సువార్త కూర్చుంది. మూడు. మూడు. నాలుగు. డాక్టరుగారు అక్కడే ఉన్నారు. రెండు. రెండు. రెండు. మధ్యాహ్నం అన్నం వేళకి మొదటిసారి ఒకటి పడింది, లేతగా. మేడమ్ వెళ్లి తనూ లెక్కపెట్టారు. నలభై నాలుగు. మరో ఐదు నిమిషాలకి మళ్లీ ఒకటి పడింది. ఈసారి నల్లగా.

సుభాషిణి గోడ వైపు చూసి, "అదేంటి బాబూ, మంచిదేనా?" అంది.

"మంచిదేనండీ," అన్నాను.

19వ రోజు

మూడు గవ్వలు చెమటకి తడిసి ఆగిపోయాయి. ఆరబెట్టాను.

ఇరవై ముగ్గురూ ప్రాణాలతో ఉన్నారు. కొత్తగా వచ్చిన నలుగురికి మొదటి నుంచే గుక్క పద్ధతి. ధాత్రికి రాత్రంతా ఆక్సిజన్ ఉంచారు, పొద్దున తీసేశారు. లేవగానే పప్పన్నం కావాలని గొడవ. డాక్టరుగారు గంజి అన్నారు. పిల్ల ఒప్పుకోలేదు. ఆ గొడవ వినడానికి వార్డంతా చుట్టూ చేరింది.

21వ రోజు

పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. మేడమ్‌ని ముందు ఐదు నిమిషాలు అడిగి తీసుకున్నాను. క్లాసు ముందు నిలబడి జాబితా తెరిచానని చెప్పాను. ఎవరి పేరు చూశానో చెప్పలేదు, అందరికీ ఎలాగూ తెలిసిపోయింది. చదువు చెప్పినందుకు కాదు, మాట తప్పి ఒకరి నోరు మూసినందుకు క్షమించమన్నాను. ఆ నోరు తెరిచి ఉంటే ధాత్రికి ఆ ఆయాసమే వచ్చేది కాదు.

తర్వాత మేడమ్ చెప్పిన ప్రకారం వాళ్ల ముందే జాబితా మొత్తం చెరిపేశాను. ఇకమీదట పిల్లలు పెట్టెలో చేయి పెట్టి ఏ గవ్వ దొరికితే అది తీసుకుంటారు. ఎవరి దగ్గర ఏది ఉందో నాకూ తెలిసే దారి లేదు.

బయటికి వెళ్తూ సువార్త నా బల్ల దగ్గర ఆగింది.

"మీరు చూడకపోయినా మేడమ్ ఎలాగూ కనుక్కునేవారు సార్. ఇంకో రెండు ప్రశ్నలకి."

"అవునమ్మా."

"నాకు కోపం ఇంకా పోలేదు సార్."

"పోకపోయినా పరవాలేదు."

"పోతుందిలెండి," అంది. "అమ్మావాళ్లని కూడా అడగండి సార్. గుక్క సంగతి నాకంటే ఆళ్లకి ఎక్కువ తెలుసు."

మేడమ్‌కి చెబితే, ఆవిడ అప్పటికే శిబిరానికి బండి అడిగి ఉంచారు.

29వ రోజు

మంచుగని శిబిరం. బండిలో తొమ్మిది గంటలు. మేడమ్, డాక్టరుగారు, సువార్త, నేను, పెట్టెలో గవ్వలు. ఇక్కడి దుమ్ము మరీ గరుకు, పెట్టెకు రెండు వరసల గుడ్డ చుట్టాను.

పని దిగిన ఆడవాళ్లు ఇరవై ఆరుగురు భోజనాల గదిలో కూర్చున్నారు. గవ్వల్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వుకున్నారు. ముందు వరసలో సువార్త తల్లి రాహేలు. సన్నటి మనిషి, మంచు తవ్వి చేతులు కాయలు కాశాయి. డాక్టరుగారు ఎవరో ఆమెకు తెలుసు. వచ్చినప్పుడు తలవంచి నమస్కారం పెట్టింది, మాట్లాడలేదు. డాక్టరుగారు కుర్చీ వద్దని నేల మీద కూర్చున్నారు.

గోడ లేదు. దుప్పటి కట్టి దాని మీద వెలిగించాం. మేడమ్ ప్రశ్న వేశారు: పిల్ల పూర్తిగా సొమ్మసిల్లి, గుక్క కూడా మింగలేకపోతుంటే ఏం చేసేవారు?

నాలుగు జవాబులకూ చుక్కలు పడ్డాయి. అన్నీ నల్లగానే. ఇలాంటి గోడ నేనెప్పుడూ చూడలేదు. ఒకరితో ఒకరికి పొంతన లేదు, ఎవరికీ అనుమానమూ లేదు.

రాహేలు దుప్పటి వైపు చూసింది.

"ఇందులో ఏది రైటండీ?" అంది మేడమ్‌తో.

"మాకు తెలీదమ్మా," అన్నారు మేడమ్. "తెలుసుకుందామనే వచ్చాం. మీరు చెప్తే పుస్తకంలోకి ఎక్కిస్తాం."

రాహేలు గవ్వను ఒళ్లో పెట్టుకుంది. చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. కూతురి వైపు కాదు, నేల మీద కూర్చున్న డాక్టరుగారి వైపు తిరిగింది.

"అయితే నోటితోనే సెప్తానండి. మెల్లిగా సెప్తాను, రాసుకోండి."

డాక్టరుగారు కలం మూత తీశారు. అక్షరాలు సరిగా పడటానికి కాగితం కింద గట్టి అట్ట పెట్టుకున్నారు.

"మా బాబుకి ఆ రోజు పొద్దున్నే మొదలైందండి," అంది రాహేలు.